కుక్కకు ఏటేటా అన్ని టీకాలూ వేయాలా? రక్తపరీక్ష చాలునా?

ఉదయపు నడకలో నాకు తరచు ఎదురుపడే మిత్రులు ఇద్దరు ఉన్నారు. ఇద్దరికీ కుక్కలంటే ప్రాణం. మొదటివారి లాబ్రడార్‌కు తొమ్మిదేళ్ళు. ఒకనాడు దాని టీకాల పుస్తకం చూపించారు. ఏ పేజీ తిప్పినా అవే స్టిక్కర్లు, ఏడాదికొక వరుస. డిస్టెంపర్, పార్వో మొదలుకొని తొమ్మిదింటికి కలిపి ఒకే సూది. ‘ఏటా అన్నీ ఎందుకు వేయిస్తున్నారు?’ అని అడిగాను. ‘పుస్తకంలో తరువాతి తేదీ వేసి ఇస్తారు. ఆ తేదీకి తీసుకువెళతాను’ అన్నారు.

రెండవవారిది ఆరేళ్ళ పగ్. ఆయన బాగా చదువుకున్నవారు, ఏదీ ఊరికే నమ్మరు. ఏటేటా సూదులు అనవసరమని ఎక్కడో చదివి, కుక్క రక్తాన్ని ప్రతిరక్షకాల పరీక్షకు, అంటే యాంటీబాడీ పరీక్షకు ఇచ్చారు. ఫలితం బాగా వచ్చింది. ‘ఇక దీనికి ఏ టీకా అక్కరలేదు డాక్టరు గారూ, రేబిస్ కూడా మానేశాం’ అన్నారు సంతోషంగా. ఆ నివేదిక తీసుకొని చూశాను. అందులో మూడు వైరసుల పేర్లు ఉన్నాయి: డిస్టెంపర్, పార్వో, అడినో. రేబిస్ ఊసే లేదు.

మొదటి మిత్రుడు అవసరం లేనిది వేయిస్తున్నారు. రెండవ మిత్రుడు తప్పనిసరి అయినది మానివేశారు. ఇద్దరూ చేసిన తప్పు నిజానికి ఒక్కటే. టీకాలన్నింటినీ ఒకే గాట కట్టారు. ఒకరు అన్నీ కావాలన్నారు, ఇంకొకరు అన్నీ వద్దన్నారు.

నేను మనుషులకు వైద్యం చేసినవాడిని, పశువైద్యుడిని కాను. అయినా ఈ విషయంపై వ్రాయడానికి కారణం ఉన్నది. కుక్కల టీకాలలో రెండు మన ప్రాణాలకు సంబంధించినవి. ఆ రెండింటిలో ఏది తప్పినా రోగి పశువుల ఆసుపత్రికి కాదు, మా దగ్గరకు వస్తాడు.

ఏడాది గడువు ఎక్కడినుంచి వచ్చింది?

కుక్కలకు ముఖ్యమైన వైరస్ టీకాలు మూడు. డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్ వలన కలిగే కాలేయ వ్యాధి. ఈ మూడూ బలహీనపరచిన సజీవ వైరసులతో చేసినవి. మన పిల్లలకు వేసే తట్టు టీకా కూడా ఈ కోవలోనిదే. డిస్టెంపర్ వైరస్, తట్టు వైరస్ ఒకే కుటుంబానికి చెందిన దగ్గరి బంధువులు.

తట్టు టీకాను మనం పిల్లలకు చిన్నతనంలో రెండుసార్లు వేస్తాం. ఆ తరువాత నలభై ఏళ్ళ మనిషికి ఏటేటా తట్టు టీకా వేయాలని ఏ వైద్యుడూ అనడు. మరి దాని బంధువుకు వేసే టీకా తొమ్మిదేళ్ళ కుక్కకు తొమ్మిదిసార్లు ఎందుకు?

తొలినాళ్ళలో టీకా కంపెనీలు తమ టీకా ఏడాదిపాటు పనిచేస్తుందని చూపి అనుమతి పొందాయి. ఏడాది తరువాత పనిచేయదని ఎవరూ చూపలేదు. అంతకు మించి పరీక్షించలేదు, అంతే. ఏడాది వరకు చూశామన్న మాట కాలక్రమేణా ఏడాదితో సరి అన్న మాటగా మారిపోయింది. సీసా మీది అక్షరం పుస్తకంలోకి, పుస్తకంలోని తేదీ మన అలవాటులోకి వచ్చి చేరాయి.

దీనిని ప్రశ్నించినవారు నిన్న మొన్నటివారు కారు. అమెరికాలో రోనాల్డ్ షుల్ట్జ్, ఫ్రెడ్ స్కాట్ అనే శాస్త్రజ్ఞులు 1978లోనే మూడేళ్ళకొకసారి వేస్తే సరిపోతుందని సూచించారు. షుల్ట్జ్ ఆ తరువాత దశాబ్దాలపాటు ఈ విషయమే పరిశోధించారు. టీకా పొందిన కుక్కలను ఏళ్ళ తరబడి ఉంచి, ఆపై అసలు వైరస్‌కు గురిచేసి చూస్తే, ఈ మూడు వ్యాధుల నుండి ఏడేళ్ళు, అంతకు పైన కూడా రక్షణ నిలిచి ఉన్నది. 2003లో అమెరికా జంతు ఆసుపత్రుల సంఘం, 2007 నుండి ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం ఈ దారికే వచ్చాయి. పెద్ద కుక్కలకు ఈ మూడు టీకాలు మూడేళ్ళకొకసారి కంటే ఎక్కువగా వేయవద్దన్నది ప్రపంచ సంఘం మాట. ఆసియా దేశాల పశువైద్యుల కొరకు ఆ సంఘం 2015లో ప్రత్యేకంగా సూచనలు కూడా వెలువరించింది. కనుక ఇది పాశ్చాత్యులకే గాని మనకు వర్తించదు అనే మాట నిలువదు.

మరొక సంగతి గమనించండి. రక్తంలో ప్రతిరక్షకాలు తగినన్ని ఉన్న కుక్కకు మళ్ళీ సజీవ టీకా వేస్తే, ఆ ప్రతిరక్షకాలు టీకా వైరస్‌ను పెరగనీయకుండా పట్టి నిర్వీర్యం చేస్తాయి. టీకా వృథా అవుతుంది. బలం రెట్టింపు అవుతుందనుకోవడం మన భ్రమ.

వృథా అయితే అయింది, నష్టమేమిటి అంటారా? నష్టం తక్కువే, కాని లేకపోలేదు. అమెరికాలో 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 12 లక్షలకు పైగా కుక్కల రికార్డులను పరిశీలించారు. టీకా వేసిన మూడు రోజులలో ప్రతి 10,000 కుక్కలలో సుమారు 38 కుక్కలకు ఏదో ఒక అవాంఛిత ఫలితం కనిపించింది. ముఖం వాపు, దద్దుర్లు, వాంతులు, అరుదుగా ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అసహనం. చిన్నజాతి కుక్కలలో, ఒకే రోజు ఎక్కువ టీకాలు వేసిన కుక్కలలో ఈ ముప్పు హెచ్చుగా ఉన్నది. అవసరమైన మందుకు ఈపాటి ముప్పు భరించవచ్చు. అవసరం లేని మందుకు ఏ ముప్పునైనా ఎందుకు భరించాలి?

ఇక తొమ్మిదింటి సూదులలో కొన్నిటిలో కరోనావైరస్ టీకా కూడా ఉంటుంది. ఇది కుక్కల పేగులకు వచ్చే వేరొక కరోనా, మనలను బాధించినది కాదు. ఈ టీకాను వేయవలసిన పని లేదని ప్రపంచ సంఘం స్పష్టంగా చెప్పింది. అయినా అంకె పెద్దదైతే సూది గొప్పదని మనం అనుకుంటాం. ఐదింటి కంటే ఏడు, ఏడింటి కంటే తొమ్మిది మేలని చీరల దుకాణంలో అన్నట్లు అడుగుతాం. తప్పు అమ్మేవారిది మాత్రమే కాదు.

పరీక్ష ఏమి చెబుతుంది?

ఇప్పుడు ప్రతిరక్షకాల పరీక్ష సంగతి. ఇది మా వైద్యంలో కొత్తది కాదు. ఆసుపత్రి సిబ్బందికి హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు వేశాక రక్తం పరీక్షిస్తాం. ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు దాటితే రక్షణ కలిగినట్లే. ఆరోగ్యవంతులలో తరువాతి కాలంలో ఆ అంకె తగ్గినా మళ్ళీ మళ్ళీ టీకా వేయం. శరీరంలో జ్ఞాపక కణాలు ఉంటాయి. శత్రువు కనిపించగానే అవి మళ్ళీ ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి.

కుక్కలలో డిస్టెంపర్, పార్వో, అడినోవైరసులకు కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. టీకా పొందిన పెద్ద కుక్క రక్తంలో ఈ ప్రతిరక్షకాలు ఉన్నాయంటే దానికి రక్షణ ఉన్నదని నమ్మవచ్చు. లేవంటే రక్షణ లేదని కచ్చితంగా చెప్పలేం, జ్ఞాపక కణాలు ఉండవచ్చు. అయినా అటువంటప్పుడు సందేహానికి తావివ్వక ఒక టీకా వేయించడమే మంచిది.

ఈ పరీక్ష నిజంగా ఉపయోగపడే సందర్భాలు ఇవి.

ఒకటి, కుక్కపిల్ల చివరి మోతాదు తరువాత. తల్లిపాల ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు పిల్లలో కొన్ని వారాలు ఉండి, టీకాను పనిచేయనీయవు. అందుకే చివరి మోతాదు 16 వారాలు నిండిన తరువాతనే పడాలి. ఆ పిమ్మట నాలుగు వారాలు ఆగి పరీక్ష చేస్తే టీకా పట్టినదో లేదో తెలుస్తుంది. పరీక్ష చేయించలేనివారు ఆరు నెలల వయసులో ఇంకొక మోతాదు వేయిస్తే సరి. కొన్ని కుక్కలకు, ముఖ్యంగా రాట్‌వైలర్, డాబర్‌మన్ వంటి జాతులలో కొన్నిటికి, టీకా పట్టకపోవడం ఎరిగినదే.

రెండు, పూర్వం టీకా వేసినప్పుడు తీవ్రమైన అసహనం కలిగిన కుక్క. మూడు, తన కణాలనే తాను నాశనం చేసుకునే రోగనిరోధక వ్యాధులున్న కుక్క, లేదా స్టెరాయిడ్లు, కాన్సర్ మందులు వాడుతున్న కుక్క. నాలుగు, టీకా నాణ్యతపై అనుమానం ఉన్నప్పుడు.

ఈ నాలుగవది మన ప్రాంతంలో చాలా ముఖ్యం. టీకాలను 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. మందుల దుకాణంలో టీకా కొని, మే నెల ఎండలో ప్లాస్టిక్ సంచిలో వేసుకొని, ఇంటికి తెచ్చి, సాయంత్రం ఎవరో తెలిసినవారి చేత పొడిపించే ఇళ్ళు నేను ఎన్నో చూశాను. ఆ ఎండకు సజీవ వైరస్ దారిలోనే చనిపోయి ఉంటుంది. పుస్తకంలో స్టిక్కరు మాత్రం అతుకుతుంది. అటువంటి టీకా పదిసార్లు వేసినా వేయనట్లే. టీకా వేయడం వేరు, రక్షణ కలగడం వేరు. ఆ తేడాను తేల్చగలిగినది ఈ పరీక్షే.

ఇవి కాక, చిన్నతనంలో సక్రమంగా టీకాలు పడి, ఆరోగ్యంగా ఉన్న నాలుగేళ్ళ కుక్కకు ఏటేటా ఈ పరీక్ష చేయించవలసిన పని లేదు. పరీక్షకు అయ్యే ఖర్చు చాలాచోట్ల టీకా ఖర్చును మించి ఉంటుంది. ఏటేటా సూది అనే అలవాటును తీసివేసి ఏటేటా పరీక్ష అనే అలవాటును దాని స్థానంలో పెడితే, మన జేబుకు గాని కుక్కకు గాని ఒరిగేది ఏమీ లేదు. మూడేళ్ళకొకసారి టీకా వేయించండి, లేదా మూడేళ్ళకొకసారి పరీక్ష చేయించి దానిని బట్టి నడుచుకోండి.

రేబిస్ విషయంలో బేరం లేదు

నా రెండవ మిత్రుడికి చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను. పైన చెప్పిన వాదమంతా ఆ మూడు వైరసులకే. దానిని రేబిస్‌కు వర్తింపజేయకండి.

రేబిస్ టీకా నిర్జీవ వైరస్‌తో చేసినది. రేబిస్‌కూ ప్రతిరక్షకాల పరీక్ష ఉన్నది. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు దాటాలి. అయితే ఆ పరీక్ష ఉద్దేశం వేరు. కుక్కను వెంటబెట్టుకొని ఐరోపా దేశాలకు వెళ్ళే మన తెలుగు కుటుంబాలకు ఇది బాగా తెలుసు. మన దేశం నుండి వచ్చే కుక్కకు టీకా వేసిన పిదప రక్తపరీక్ష కూడా కావాలని అక్కడివారు అడుగుతారు. టీకాతో పాటు పరీక్ష కావాలంటారు గాని, టీకాకు బదులుగా పరీక్ష చూపితే ఒప్పుకోరు. ఇక్కడ కూడా నగరపాలక సంస్థలు పెంపుడు కుక్కల నమోదుకు రేబిస్ టీకా ధ్రువపత్రం అడుగుతాయి, ప్రతిరక్షకాల నివేదిక కాదు.

ఎందుకు ఇంత కట్టడి? పొరపాటుకు చెల్లించవలసిన మూల్యం వేరు కనుక. పార్వో విషయంలో మన లెక్క తప్పితే కుక్కను పోగొట్టుకుంటాం, అది దుఃఖమే. రేబిస్ విషయంలో లెక్క తప్పితే ఇంటిలోని బిడ్డను పోగొట్టుకుంటాం. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధితో మరణిస్తున్నారని అంచనా. అత్యధికులు ఆసియా, ఆఫ్రికాల వారు. వ్యాధి మనిషికి సోకిన సందర్భాలలో నూటికి 99 కుక్కల వలననే. అనుమానపు కుక్కల కాటుకు గురైనవారిలో నూటికి 40 మంది పదిహేనేళ్ళ లోపు పిల్లలు.

హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని జనం ఇప్పటికీ కోరంటి అంటారు. పిచ్చికుక్క కాటు రోగులను అక్కడికి తీసుకువస్తారు. ఆ వ్యాధిని ఒక్కసారి కళ్ళారా చూసిన వైద్యుడు మరువలేడు. దాహంతో నాలుక పిడచకట్టుకు పోతుంటుంది, గ్లాసు నోటి దగ్గరకు తేగానే గొంతు బిగుసుకుపోతుంది. ఫ్యాను గాలి తగిలినా ఒళ్ళు అదురుతుంది. మధ్యమధ్య స్పృహ బాగానే ఉండి, ‘నాకు తగ్గుతుందా’ అని అడుగుతాడు. లక్షణాలు మొదలైన పిదప మా దగ్గర మందు లేదు. నాకు వైద్యం నేర్పిన గురువులకు లేదు, నేటి యువ వైద్యులకూ లేదు. ఉన్నదల్లా ముందు జాగ్రత్త.

రేబిస్ టీకాలలో కొన్ని మూడేళ్ళు పనిచేస్తాయని అనుమతి పొందినవే. అయినా మన దేశంలో ఏటా వేయించే పద్ధతే వాడుకలో ఉన్నది. వీధిలో టీకా లేని కుక్కలు తిరుగుతున్నంత కాలం ఈ విషయంలో పొదుపు పాటించమని నేను సలహా ఇవ్వను. మీ పశువైద్యులు చెప్పిన గడువును, సీసాపై ఉన్న గడువును దాటనీయకండి. ఖర్చుకు వెనుకాడేవారికి ఒక మాట. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొలిసారిగా ఒక బాలుడికి రేబిస్ టీకా ఇచ్చిన దానికి గుర్తుగా, ఏటా ఆ రోజున మన రెండు రాష్ట్రాల పశువైద్యశాలలలో కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు.

టీకా వేసిన కుక్కే అయినా కరిస్తే, పుండును సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. పసుపు, కారం, సున్నం పూయకండి.

ఎలుక జ్వరపు టీకా

మనుషుల ఆరోగ్యానికి సంబంధించిన రెండవ టీకా లెప్టోస్పైరోసిస్‌ది. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా ఇది కుక్కకు, మనిషికి సోకుతుంది. వ్యాధి సోకిన కుక్క మూత్రం వలన ఇంటివారికీ రావచ్చు. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వానాకాలంలో నీరు నిలిచే ఊళ్ళలో, వరి పొలాల ప్రాంతాలలో దీని భయం ఎక్కువ.

ఈ టీకా చచ్చిన సూక్ష్మజీవులతో చేసినది. దీని రక్షణ సుమారు ఏడాది మాత్రమే. అంతేకాదు, దీని విషయంలో ప్రతిరక్షకాల పరీక్ష రక్షణకు కొలమానం కాదు. పరీక్షలో ప్రతిరక్షకాలు కనబడకపోయినా రక్షణ ఉండవచ్చు, కనబడితే అవి టీకావో జబ్బువో చెప్పడం కష్టం. కనుక ఎలుకలు, మురుగునీరు ఉన్నచోట దీనిని ఏటా వేయించవలసినదే.

చాలా కలగలుపు టీకాలలో వైరసులు పొడి సీసాలోను, లెప్టో ద్రవపు సీసాలోను విడిగా ఉంటాయి. లెప్టో ఒక్కటే ఉన్న టీకాలు కూడా ఉన్నాయి. కనుక ‘ఈ ఏడు లెప్టో, రేబిస్ మాత్రం ఇవ్వండి’ అని అడగడం అసాధ్యమైన కోరిక కాదు.

కొన్ని ఆక్షేపణలు

‘టీకా మానితే జనం కుక్కలను వైద్యుని వద్దకే తీసుకురారు’ అని కొందరు పశువైద్యులు అంటారు. ఇందులో కొంత నిజం ఉన్నది. కాని రేబిస్, లెప్టోల కొరకు ఏడాదికొకసారి ఎలాగూ రావాలి. ఆ రోజున పళ్ళు, గుండె, బరువు, చర్మం చూడండి. ఎనిమిదేళ్ళు దాటిన కుక్కకు మూత్రపిండాల పరీక్ష చేయండి. దానికి రుసుము తీసుకోండి, మేము ఇస్తాం. మీ విద్యకు వెల కట్టకుండా సూది ధరలో దానిని దాచుకొనే అగత్యం మీకు మేమే కల్పించాం. ‘చూసినందుకే డబ్బా?’ అని అడిగే మన నోళ్ళు మారాలి.

‘మన దగ్గర పార్వో ఎక్కువ, అందుకే ఏటా వేయాలి’ అన్నది ఇంకొక వాదం. పార్వో ఎక్కువే. 1978 ప్రాంతంలో పుట్టి ప్రపంచమంతా వ్యాపించిన ఈ వ్యాధి నేటికీ మన ఊళ్ళలో కుక్కపిల్లలను చంపుతున్నది. కాని చనిపోతున్నవి ఎవరి పిల్లలు? టీకా పడనివి, పడినా 16 వారాల లోపే ఆపివేసినవి. తొమ్మిదేళ్ళ లాబ్రడార్‌కు పదవ మోతాదు వేస్తే పక్క వీధిలోని పిల్లకు రక్షణ రాదు.

నా బాధ అంతా ఇక్కడే ఉన్నది. అపార్ట్‌మెంటులోని కుక్కకు అక్కరలేని పదవ మోతాదు, గేటు బయటి కుక్కకు మొదటి మోతాదే లేదు. ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి 70కి టీకా పడితే రేబిస్ వ్యాప్తి ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. డిస్టెంపర్ సంగతీ అంతే. 1994లో టాంజానియాలోని సెరెంగెటి అడవులలో సుమారు వెయ్యి సింహాలు డిస్టెంపర్‌తో చనిపోయాయి. 2018లో మన గుజరాత్‌లోని గిర్ అడవిలో 23 సింహాలు చనిపోగా, వాటిలో కొన్నిటిలో ఈ వైరస్ కనిపించింది. టీకా లేని కుక్కల వలన కలిగే నష్టం ఎక్కడి దాకా పోతుందో చూడండి.

కనుక మీకు నా విన్నపం. ఈసారి మీ కుక్కను తీసుకువెళ్ళినప్పుడు పుస్తకం తెరిచి పశువైద్యుని మూడు ప్రశ్నలు అడగండి. రేబిస్ గడువు ఎప్పటికి? లెప్టో గడువు ఎప్పటికి? డిస్టెంపర్, పార్వో, అడినో టీకాలు చివరిసారి పడి మూడేళ్ళు అయినదా? మూడేళ్ళు కాకపోతే ఆ సూది వద్దని మర్యాదగా చెప్పండి. అలా మిగిలిన డబ్బుతో మీ వీధిలో మీరు రోజూ అన్నం పెట్టే కుక్కకు రేబిస్ టీకా వేయించండి. మీ పిల్లలు బడికి వెళ్ళేది దాని పక్క నుంచే.